విద్యాలయములకు గీటురాయి



అమెరికాదేశమున చార్టరు పాఠశాలలు గలవు. ఇవి ప్రభుత్వధనముతో నడచుచు, స్వతంత్ర నిర్వాహకుల యధీనమున నుండును, బడిజీతము గైకొనవు. ఒప్పుకొన్న ఫలితములు చూపనిచో వీని యధికారపత్రము రద్దు కావచ్చును. 1991లో మిన్నెసోటా రాష్ట్రమున వీనికి మొదటి శాసనము పుట్టెను. మఱుసటి యేడు సెయింటుపాలు నగరమున మొదటి పాఠశాల వెలసెను.

ఇవి మేలైనవా యని స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయ పండితులు విచారించిరి. ఉత్తీర్ణుల సంఖ్యతో వారు తృప్తినొందలేదు. జాతియందును, పేదఱికమందును, పూర్వపు మార్కులయందును సమానులగు బాలురను చార్టరు బడులనుండియు, సాధారణ ప్రభుత్వ పాఠశాలలనుండియు నేఱి పోల్చిరి. 2009లో గణితమున నూటికి 17 చార్టరు బడులు మెఱుగుగను, 37 కొఱతగను, తక్కినవి సమముగను తేలినవి. 2023లో వెలువడిన పరిశోధనమున చార్టరు బాలురు ఏడాదికి పఠనమున 16 దినముల చదువుకును, గణితమున 6 దినముల చదువుకును సమమైన యాధిక్యము గనబఱచిరి. ఆఫ్రికా, లాటిను అమెరికా సంతతుల పేదబిడ్డలకు లాభ మింకను హెచ్చు. అంతర్జాలముననే బోధించు బడులలో మాత్రము నష్టమే కలిగెను.

కావున బడిపేరు ప్రమాణము కాదు. ఫలితముల పట్టిక యొక్కటియు జాలదు. ఎట్టి బిడ్డ ప్రవేశించెను, ఎంతదూరము సాగెను అనునదియే ప్రమాణము. చదువరుల యింటి బిడ్డలనే యేఱి చేర్చుకొని నూటికి నూఱు చూపుట యుపాధ్యాయునికి ఘనత కాదు. మన సంఘము విద్యార్థివేతనము లొసగునపుడు ప్రథమశ్రేణినే చూడక, అక్షరమెఱుగని తల్లిదండ్రుల బిడ్డ యెంత ముందునకు వచ్చెనో విచారింప వేడుచున్నాము.