ఇసుకగుంటలో నేర్చిన నీటివిద్య
(వార్షిక మహాసభయందుఁ జేసిన యుపన్యాసము)



విద్యార్థులకు బహుమానములు పంచు నీ దినమున నాలుగు మాటలు చెప్పుఁడని కార్యదర్శిగారు కోరిరి. ముప్పది యేండ్లకుఁ బైగా బడిపంతులుగా నుండి విశ్రాంతి గొన్న మాకుఁ బిల్లల కుపయోగపడు కథ చెప్పుటకంటె వేఱుపని చేతఁగాదు. కావున నొక వీరుని చరిత్రము విన్నవించెదము.

మన గ్రామములందు బాలురు నడుమునకు బెండ్లు గట్టుకొని యీఁత నేర్చి, పిమ్మట దిగుడుబావి యొడ్డునుండి దుముకుట మీ రెఱిఁగినదే. ఆ దుముకుటయే ఒలింపిక్ క్రీడలయందు గొప్ప పోటీవిద్యయై యున్నది. 10 మీటర్ల యెత్తున నున్న వేదికనుండి పడువానికి నీటిని జేరుటకుఁ బట్టు కాలము సుమారు ఒకటిన్నర సెకండు. ఆ లోపలనే దేహమును ముడిచి, మొగ్గలు వైచి, మరల నిటారుగాఁ జాఁచి, నీటిలోఁ జొరవలెను. అప్పటి వేగము గంటకు సుమారు 50 కిలోమీటర్లు. తప్పిపడినచో నీరే ఱాతివలెఁ గొట్టును.

ఈ విద్యయందు నగ్రగణ్యుఁడైన సామీ లీ 1920వ సంవత్సరము ఆగస్టు 1వ తేదీన నమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున ఫ్రెస్నో నగరమందు జన్మించెను. తల్లిదండ్రులు కొరియానుండి వలసవచ్చినవారు. 1932లో లాస్ ఏంజిలిస్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగినప్పుడు పండ్రెండేండ్ల యీ బాలుఁడు, తానును ఒకనాఁడు విజేత నగుదునని తండ్రితోఁ జెప్పెను. కుమారుఁడు వైద్యుఁడు కావలెనని తండ్రి కోరిక. బాలుఁడు రెంటిని శిరసావహించెను.

అయితే సాధనకు నీరేది? పాసడీనా పట్టణమునందలి బ్రూక్‌సైడ్ కొలనులోఁ దెల్లవారు కానివారికి వారమునకు బుధవారమొక్కటియే ప్రవేశదినము. దానికి ‘అంతర్జాతీయదినము’ అని పేరు! ఆ మీఁదట నీటినెల్ల వెడలించి క్రొత్తనీరు నింపెడివారు. తక్కిన దినములకై అతని గురువు తన పెరటిలో గొయ్యి త్రవ్వి యిసుక నింపెను. బాలుఁ డా యిసుకలోనికే దుముకుచు నభ్యసించెను.

శిష్యుని బొటనవ్రేలు దక్షిణగాఁ గొన్న గురువు కథ మనము భారతమునఁ జదివితిమి. శిష్యునికొఱకు గొయ్యి త్రవ్విన గురువు కథ యిది. మేము బడిపంతుళ్ళము గనుక ఈ రెండవ గురువునకు నమస్కరించుచున్నాము.

1942లో లీ తన దేశమున విజేత యయ్యెను. యుద్ధకారణమున 1940, 1944 సంవత్సరముల ఒలింపిక్ క్రీడలు జరుగలేదు. అతని నవయౌవనమంతయు నట్లు గడచిపోయెను. అతఁడు చదువు విడువలేదు. 1947లో వైద్యపట్టమును బొందెను. 1948లో లండను నగరమున వేదికపోటీయందు స్వర్ణపతకమును, పలకపోటీయందుఁ గాంస్యపతకమును గెలిచెను. 1952లో హెల్సింకీయందు, సరిగాఁ దన ముప్పదిరెండవ జన్మదినమున, మరల స్వర్ణమును సాధించెను. వేదికపోటీలో వరుసగా రెండుమాఱులు గెలిచిన పురుషులలో నతఁడే మొదటివాఁడు.

అయినను, 1955 ప్రాంతమున నీ సైనికవైద్యుఁడు గార్డెన్ గ్రోవ్ అను నూర నిల్లు కొనఁబోఁగా, జాతిని జూచి యమ్మనిరాకరించిరి! అతఁడు ద్వేషము పూనలేదు. చెవివైద్యుఁడై రోగులను సేవించెను. బాలురకుఁ దన విద్య నేర్పెను. అతని శిష్యుఁడు బాబ్ వెబ్‌స్టర్ 1960, 1964లలో స్వర్ణములు గెలిచెను. గ్రెగ్ లూగానిస్ పదునాఱేండ్ల వయసున 1976లో రజతమును గెలిచెను. లీ 2016 డిసెంబరులో, తొంబదియాఱేండ్ల వయసునఁ బరమపదించెను.

బంధువులారా! ఆ కొలనువారిని నిందించుట సులభము. మేమొకమాట యొప్పుకొనవలసియున్నది. పూర్వము మేమొక గ్రామపాఠశాలయందుఁ బనిచేయుచుండఁగా, ఒక వాడ పిల్లలు కుండను ముట్టక దోసిలి పట్టెడివారు; వేఱొకఁడు పైనుండి నీరు పోసెడివాఁడు. మేము ప్రతిదినము చూచితిమి. తరగతిలో సమత్వమును గూర్చి శ్లోకములు చెప్పితిమి. ఆ యాచారమును మాత్రము మాన్పలేదు. మమ్మెవ్వరును నిర్బంధింపలేదు. మా మౌనమే మా దోషము. ఆ పిల్లలలో నెందఱు సామీ లీ లుండిరో!

పట్టణమున మన పిల్లలకు బస దొరకనందుననే పెద్దలు మన వసతిగృహమును గట్టిరి. తలుపు మూయఁబడిన బాధ మన మెఱుఁగుదుము. కావున, మన పిల్లలతోఁ బాటు ఇతరకులముల నిఱుపేద పిల్లలకును అందుఁ గొన్ని స్థానములీయుఁడనియు, ఎల్లవారికి నొకే పంక్తి భోజనము, నొకే కుండనీరు నుండవలెననియుఁ బోషకులను వేఁడుచున్నాము. ఇందుకు మా పింఛనునుండి యొక విద్యార్థి భోజనవ్యయమును మేమిచ్చెదము.

పిల్లలారా! నీరు దొరకనినాఁ డిసుకలోనైన నభ్యసింపుఁడు. పెద్దలారా! ఏ బిడ్డకును ఆ యవసరము రానీయకుఁడు. ఇంతియ మా మనవి.