మెడకు దెబ్బ తగిలితే ఒక్క ఎక్స్‌రేతో సరిపెట్టుకోకండి

(విశ్రాంత ఉద్యోగుల సంఘం సమావేశంలో ఒక రిటైర్డ్ రేడియోగ్రాఫర్ చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ముప్పయ్యేళ్ళు ఎక్స్‌రే గదిలో పనిచేసి రిటైరైన వాడిని. నా మనసులో చాలాకాలంగా ఉన్న ఒక సంగతి ఈ రోజు మీతో చెప్పుకుంటాను.

నా సర్వీసు చివరి రోజుల్లో ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు మా దగ్గరకు వచ్చారు. తెల్లవారుజామున బాత్‌రూంలో కాలు జారి పడ్డారట. తన కాళ్ళ మీద తానే నడిచి వచ్చారు. మెడ వెనక నొప్పి తప్ప మరో బాధ లేదన్నారు. పక్కనుంచి ఒక ఫిల్ము తీశాను. నోరు తెరిపించి ఇంకొకటి తీయాలి గాని, నొప్పి వల్ల ఆయన నోరు సరిగా తెరవలేకపోయారు. నేనూ బలవంతపెట్టలేదు. ఎముక బాగానే ఉందని ఇంటికి పంపారు. మూడో రోజుకు చేతులు తిమ్మిరెక్కాయి. కర్నూలు తీసుకుపోయి సి.టి. స్కాన్ చేయిస్తే రెండో వెన్నుపూస విరిగి ఉంది. నెలల తరబడి మెడపట్టీతో ఉండి, దేవుడి దయవల్ల కోలుకున్నారు. ఆ ఫిల్ము తీసింది నేనే గదా అని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

అసలు అక్కడ ఏముంటుందో చెబుతాను. తలను మోసే మొదటి పూస ఉంగరంలా ఉంటుంది. రెండో పూస నుంచి పన్నులాంటి ఎముక పైకి లేచి ఆ ఉంగరంలో దూరి ఉంటుంది. మనం తల అటూ ఇటూ తిప్పేది చాలావరకు దాని చుట్టూనే. వయసు మీద పడి ఎముక గుల్లబారితే, నిలబడ్డచోట పడినా ఆ పన్ను విరగవచ్చు. అక్కడ వెన్నుపాముకు చోటు కాస్త విశాలం కనుక మొదట్లో కాళ్ళూ చేతులూ బాగానే ఆడతాయి. విరిగిన ముక్క తర్వాత కదిలి వెన్నుపామును నొక్కితే కాళ్ళూ చేతులూ పడిపోవచ్చు, ఊపిరికే ముప్పు రావచ్చు.

1895లో రాంట్‌జెన్ కనుగొన్న ఎక్స్‌రే గొప్పదే. కాని పై మెడ దగ్గర దవడ, పళ్ళ నీడలు అడ్డుపడతాయి. అరిగిన పూసల్లో సన్నని చీలిక కనబడదు. 1971లో హౌన్స్‌ఫీల్డ్ యంత్రంతో మొదటి రోగికి తీసిన సి.టి. స్కాన్ పద్ధతిలో, ఎముకను పలుచని పొరలుగా అన్ని వైపుల నుంచీ చూడవచ్చు. పడుకుంటే కొద్ది నిమిషాల పని. అందుకే పెద్దవాళ్ళ మెడ దెబ్బకు ఇప్పుడు మొదట అదే తీస్తున్నారు. ఎక్స్‌రే కన్నా కిరణాలు ఎక్కువే, కాని మన వయసులో దానివల్ల మేలే ఎక్కువ. నరాలు, వెన్నుపాము, ఎముకలను పట్టి ఉంచే కట్లు చూడాలంటే ఎం.ఆర్.ఐ. కావాలి. పేస్‌మేకర్ ఉంటే ముందే చెప్పండి. మెడ పూసల రంధ్రాల గుండా మెదడుకు పోయే రక్తనాళం దెబ్బతిన్నదని అనుమానమైతే, మందు ఎక్కించి ఆ నాళాన్ని కూడా స్కాన్ చేస్తారు. కిడ్నీ జబ్బు ఉంటే అది కూడా దాచకండి.

2001లో కెనడా వైద్యులు ప్రకటించిన నియమంలో, మెడకు దెబ్బ తగిలి వచ్చిన వారి వయసు 65 లేదా అంతకన్నా ఎక్కువైతే ఫోటో తీయవలసిందే అని ఉంది. ఈ హాల్లో ఉన్న మనలో చాలామందిమి ఆ లెక్కలోకి వస్తాం!

ఇంట్లో ఎవరైనా పడి మెడ నొప్పి అంటే లేపి కూర్చోబెట్టకండి. మెడ తిప్పి చూడమనకండి. బామ్ రాసి మర్దన చేయకండి. మంగలి దగ్గర మెడ విరిపించుకోవడం అసలే వద్దు. ఇద్దరి మధ్య స్కూటరు మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోకండి. కదలకుండా పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. మీకు దగ్గరలో రాత్రిపూట కూడా సి.టి. తీసే ఆస్పత్రి ఏదో ఈ వారమే కనుక్కుని గోడ మీద రాసి పెట్టుకోండి. ఎక్స్‌రే బాగుందన్నా నొప్పి తగ్గకపోతే, “అయ్యా, సి.టి. అవసరమా?” అని డాక్టరును అడగండి. అడగడం తప్పు కాదు.

ఏటా లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలంటే ముందు మనం క్షేమంగా ఉండాలి గదా!