సందేహము – నిర్ణయము
(ఉపన్యాస పాఠము)



మా దౌహిత్రుడు హైదరాబాదులో 11 సంవత్సరాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేశాడు. అది విడిచి, చిన్న వ్యాపారులకు లెక్కల ప్రోగ్రాములు స్వయంగా వ్రాసి ఇవ్వదలచాడు. గత కార్తికంలో వచ్చి, "తాతగారూ! నా సామర్థ్యంపై నాకే సందేహం. అది తీరేవరకు ఆగమంటారా?" అని అడిగాడు.

వెంటనే బదులు పలుకలేకపోయాను. 30 ఏండ్లు నెలజీతంపై పాఠం చెప్పినవాణ్ణి. జీతం లేని నెల అంటే నాకూ భయమే.

గీతను స్మరించాను. సంశయం వినాశహేతువని నాల్గవ అధ్యాయంలో హెచ్చరించిన స్వామియే, సంశయంతో విల్లు జారవిడిచిన అర్జునుణ్ణి ఉపేక్షించలేదు. ఏలనగా అర్జునుడు సందేహాన్ని దాచుకొనక అడిగాడు. స్వామియు సర్వం బోధించి, 18వ అధ్యాయంలో నిర్ణయాన్ని అతనికే విడిచిపెట్టాడు.

కనుక వానితో ఇట్లన్నాను: "నాయనా! ఏడాదికి చాలిన గ్రాసవాసాలు సమకూర్చుకో. ఇల్లాలితో ఆలోచించు. నీ పని ఎరిగినవారికి చూపించి, లోపాలు అడుగు. ఆపైన నిర్ణయం నీదే. నన్ను అనుమతి అడుగవద్దు."

వాడు ఉద్యోగం విడిచి ఇది నాల్గవ నెల. ఆదాయం స్వల్పమే. భయం పూర్తిగా పోలేదట. నిద్ర మాత్రం పడుతున్నదట. ఇట్టి సందిగ్ధంలో ఉన్న బిడ్డలందరికీ స్వామి ధైర్యం ప్రసాదించుగాక!

స్వస్తి.