25వ ద్వారము
(పాఠశాల వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)



తెలుగును ప్రథమభాషగా ఎన్నుకొనుటకు మీరు పూరింపవలసిన పత్రము గత జూన్‌లో మీలో ననేకులకు సకాలమున అందలేదు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో వీధివీధినా సాఫ్ట్‌వేర్ ఇంజనీరు లుండగా మన బడి ఉత్తరమే ఆగిపోయెనా అని కొందరు పరిహసించిరి. ఆ పరిహాసము న్యాయమే. జరిగినది విన్నవింతును.

మన ఉత్తరములను పంపు కంప్యూటరు యూనిక్స్ సంప్రదాయపు లైనక్స్‌పై నడచుచున్నది. అందు సంఖ్యలు గల ద్వారము లుండును, వానిని పోర్టులందురు. మెయిల్ సర్వరులు ఉత్తరములు ఇచ్చిపుచ్చుకొనుటకు 1982 నాటి ఎస్‌ఎమ్‌టీపీ నిబంధనావళి 25వ ద్వారమును నిర్దేశించినది. అచ్చట సామాన్యముగ ఒక్క ప్రోగ్రామునకే చోటు. మేము క్రొత్తగా పోస్ట్‌ఫిక్స్‌ను తెచ్చితిమి. పాత సెండ్‌మెయిల్‌ను నిలుపుట మరచితిమి. క్రొత్తది ‘ఈ చిరునామా ఇదివరకే వాడుకలో నున్నది’ అని చిట్టాలో వ్రాసి ఊరకుండెను. ఆ చిట్టాను చదివిన వారెవరు? పాతది మాత్రము ఉత్తరములను స్వీకరించి, మేము అంతకుమునుపే ఎత్తివేసిన వేరొక సర్వరునకు పంపజూచి, అది పలుకకపోగా వరుసలో పేర్చుచుండెను. కార్యాలయములో అన్నియు పంపినట్లే కనబడెను.

మాలో నొకరు తొందరపడి పాతదానిని ‘కిల్’ ఆజ్ఞతో చంపిరి. కంప్యూటరును తిరిగి ప్రారంభింపగనే అదియే ముందుగా లేచి కూర్చుండెను! పిమ్మట ‘ఎల్‌ఎస్‌ఓఎఫ్’ అను ఆజ్ఞతో 25వ ద్వారమున నున్న దెవరో విచారించి, దానిని సక్రమముగ నిలిపి, మరల తనంత లేవకుండ చేసితిమి. అయినను పాత వరుసలోని ఉత్తరములు పోస్ట్‌ఫిక్స్‌నకు కనబడవు. రెంటి గిడ్డంగులు వేరు. పంపవలసిన దారిని సరిదిద్ది, వానిని సెండ్‌మెయిల్‌చేతనే పంపించితిమి. అది సామాన్యముగ అయిదు దినములు ప్రయత్నించి ఉత్తరమును త్రిప్పిపంపును. మేము మేల్కొన్నది నాలుగవనాడు.

ఇప్పటికిని ఆ పత్రము అందనివారు సభ ముగిసిన పిదప కార్యాలయమునకు దయచేయ ప్రార్థన.