ఫ్రెంచి తొలిపాఠం: పిలుపు, అంకె, ఉత్తరం

విశ్వవిద్యాలయాల్లోని తొలి ఫ్రెంచి తరగతులు సాధారణంగా, ఐరోపా మండలి 2001లో ప్రచురించిన భాషా ప్రమాణాల్లోని ఎ1 అనే మొదటి మెట్టును, అంటే తనను తాను పరిచయం చేసుకొని చిన్నపాటి అవసరాలను మాటలతో తీర్చుకోగల స్థాయిని, లక్ష్యంగా పెట్టుకుంటాయి. చనువుగా పిలిచే ‘త్యు’కూ, మన్నించి పిలిచే ‘వూ’కూ ఉన్న తేడా ఇంగ్లీషు ఒక్కటే ఎరిగిన విద్యార్థిని తికమకపెడుతుంది గానీ, నువ్వు, మీరు అనే భేదం ఉగ్గుపాలతోనే అబ్బిన తెలుగువారికి అది కొత్త కాదు, ఎదుట ఉన్నది ఒక్కరే అయినా గౌరవం కోసం క్రియను బహువచనంలో వాడటం రెండు భాషల్లోనూ ఉన్నదే.

అసలు చిక్కు అంకెలది. ఫ్రాన్సులో పది అంకెల ఫోను నంబరును రెండేసి చొప్పున ఐదు జతలుగా చెబుతారు కనుక, తొంభై ఏడును ‘కాత్ర్-వాఁ-దీసెత్’, అనగా నాలుగు ఇరవైల మీద పదిహేడు, అని వినే విద్యార్థి మొదట 4 వేసి, దాన్ని కొట్టి 8 వేసి, చివరికి 97గా దిద్దుకునేలోపు అవతలివారు తరువాతి జతకు వెళ్ళిపోతారు. బెల్జియం, స్విట్జర్లాండు వాసులు దీనికే ‘నొనాంత్-సెత్’ అనే తేలిక మాట వాడటం మెచ్చదగిన వివేకం.

దుకాణంలో ధర అడిగే ముందు ‘బోంజూర్’ అనకపోవడం మర్యాద తప్పడమే. వ్యాపార లేఖ చివర వందనాలను స్వీకరించమని వేడుకొనే నిండు వాక్యం ఉండాలి, ఈమెయిలుకు మాత్రం, సౌహార్దంతో అనే అర్థమిచ్చే ‘కోర్దియల్‌మాఁ’ అన్న ఒక్క మాట చాలు.