పనిచోట కులానికి కమిటీ ఏదీ?



పనిచోట కులం పేరుతో అవమానిస్తే చట్టం ఏమన్నా ఉందా మాస్టారూ అని ఏ వాడకెళ్లినా మమ్మల్ని అడుగుతున్నారు. ఉంది. అది ఎక్కడిదాకా మనతో వస్తుందో, ఎక్కడ చెయ్యి వదిలేస్తుందో రెండూ చెప్పుకుందాం.

1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం అంటరానితనం పాటించి ఒక మనిషిని ఏ వృత్తీ, ఏ వ్యాపారం, ఏ ఉద్యోగం చేసుకోనివ్వకపోయినా నేరమే. సర్కారు ఆఫీసయినా రైసుమిల్లయినా ఒకటే. కారంచేడు జరిగిన నాలుగేళ్లకు, 1989లో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దాని సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లోకొచ్చి సాంఘిక, ఆర్థిక బహిష్కారాన్ని కూడా నేరం చేశాయి. బాగానే ఉంది. కానీ కులం పేరుతో తిట్టిన కేసు నిలబడాలంటే ఆ తిట్టు నలుగురి కళ్లెదుట పడాలి. నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు అన్న మాట ఆ సెక్షన్ కిందికి రాదని 2020లో ఉత్తరాఖండ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరి మన యజమాని తిట్టేదెక్కడ? గదిలోకి పిలిచి, తలుపు దగ్గరికేసి!

అంతకన్నా పెద్ద లోటు ఇంకోటుంది. ఈ చట్టాలు అవమానం జరిగాక పోలీసుస్టేషన్ మెట్లెక్కమంటాయి. అది జరగకుండా యజమాని తన పనిచోట ముందుగా ఏ ఏర్పాటు చేయాలో చెప్పవు. ఆడవాళ్ల మీద లైంగిక వేధింపుల విషయంలో అలా చెప్పే చట్టం ఉంది. అదెలా వచ్చిందో వినండి.

రాజస్థాన్‌లో భటేరి అనే ఊరు. భన్వరీదేవి కుమ్మరి కులస్తురాలు. ప్రభుత్వ మహిళాభివృద్ధి పథకంలో పనిచేసేది. బాల్యవివాహాలు ఆపడం ఆమె డ్యూటీ. 1992లో గుజ్జర్ల ఇంట్లో ఏడాది నిండని పసిపిల్లకు పెళ్లి చేస్తుంటే ఆపబోయింది. ఆ కక్షతో పై కులాల మగాళ్లు ఆమె మీద సామూహిక అత్యాచారం చేశారు. 1995లో కింది కోర్టు వాళ్లను ఆ నేరం నుంచి వదిలేసింది. మహిళా సంఘాలు సుప్రీంకోర్టుకెళ్లాయి. 1997 ఆగస్టు 13న విశాఖ తీర్పు వచ్చింది. (విశాఖ అంటే మన విశాఖపట్నం కాదు, అక్కడి ఒక సంస్థ పేరు.) ఆ తీర్పు నుంచే 2013 చట్టం పుట్టింది. పదిమంది, ఆపైన పనిచేసే ప్రతిచోటా కమిటీ ఉండాలి. దానికి ఆడమనిషే అధ్యక్షత వహించాలి, బయటినుంచి ఒకరు సభ్యులుగా ఉండాలి, తొంభై రోజుల్లో విచారణ ముగియాలి. కమిటీ వేయని యజమానికి 50 వేల దాకా జరిమానా.

ఆ తల్లి మీద పడ్డవాళ్లకు మగ పొగరుంది, కుల పొగరూ ఉంది. చట్టం మొదటిదాన్నే పట్టుకుంది. పనిచోట కులానికి అలాంటి కమిటీ ఇవాళ్టికీ లేదు.

యజమానులేమంటారు? "మా దగ్గర కులం పట్టింపుల్లేవు, ఒక్క ఫిర్యాదూ రాలేదు" అంటారు. ఫిర్యాదు తీసుకునే మనిషే లేనిచోట ఎవరికిస్తారయ్యా? పనికి మనుషుల్ని మేస్త్రీ తన చుట్టాల్లోంచి తెస్తాడు. చీపురు మాత్రం మాదిగ అక్క చేతికొస్తుంది. గ్లాసు వేరేగా ఉంటుంది. చట్టం వచ్చేదాకా ఆగక్కర్లేదు, యజమానికి బుద్ధుంటే ఇవాళే కమిటీ వేయొచ్చు. మనవాళ్లు ఇద్దరు, బయటి మనిషి ఒకరు అందులో ఉండాలి. ఖాళీలు గోడ మీద అందరికీ కనపడేలా రాయాలి. ఫిర్యాదు చేసిన మనిషిని పనిలోంచి కదపకూడదు.

ఈ చివరి మాట సర్కారుకూ వర్తిస్తుంది. మధ్యాహ్న భోజనం వండేవాళ్లలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యమివ్వమని సుప్రీంకోర్టు 2004 ఏప్రిల్ 20నే ఆదేశించింది. మేం పనిచేసిన ఒక బడిలో మాల అక్క వండితే మా పిల్లలు తినరని ఊరి పెద్దలు పేచీ పెట్టారు. అధికారులొచ్చి అక్కను గిన్నెలు తోమే పనికి మార్చి, గొడవ చల్లారిందని రాసుకుపోయారు. చల్లారింది ఎవరికి? పేచీ పెట్టినవాళ్లను ఒక్క మాటా అడగలేదు. పని పోయింది అక్కకే.

ఇక్కడ కూచున్న వాళ్లలో మిల్లుల్లో, బట్టీల్లో, బళ్లల్లో, ఆసుపత్రుల్లో చేసేవాళ్లున్నారు. ఏ రోజు, ఏ మాటన్నారు, ఎవరు విన్నారు, ఈ మూడూ కాగితం మీద పెట్టి వచ్చే పక్షం లోపల సంఘం చేతికివ్వండి. రాయడం రానివాళ్లు వచ్చి చెప్పండి, మేం రాస్తాం.