ఇంజను దించే ముందు
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య ఖర్చుల గురించి నాకంటే బాగా చెప్పగలవారు ఈ వేదిక మీదే ఉన్నారు. నాకిచ్చిన పది నిమిషాల్లో పాత డీజిలు కారులో వచ్చే గలగల చప్పుడు గురించి మాట్లాడతాను. నవ్వకండి. మనలో చాలామంది ఇళ్ళముందు పిల్లలు ఉద్యోగాలకు వెళ్తూ వదిలిపెట్టిన డీజిలు కారు ఒకటి ఉంటుంది. అందులోంచి ఏదో ఒక రోజు కొత్త చప్పుడు వస్తుంది. షెడ్డుకు తీసుకెళ్తే "ఇంజను దించాలండి" అంటారు. ఆ ఒక్క మాటకు మన నాలుగు నెలల పొదుపు హరించుకుపోతుంది.

నేను మెకానిక్కును కాను. నీటిపారుదల శాఖలో గుమాస్తాగా పనిచేసి 2008లో పదవీ విరమణ చేసినవాణ్ణి. కమ్యుటేషన్ కోత 15 ఏళ్ళకు తీరి, పూర్తి పెన్షను చేతికి రావడం మొదలైన రోజుల్లోనే మా కారు గలగలమనడం మొదలుపెట్టింది. అప్పటికి మా ఇంటావిడకు మోకాలి ఆపరేషన్ అయి రెండు నెలలైంది. వారానికి మూడుసార్లు వ్యాయామ చికిత్సకు తీసుకెళ్ళాలి. ఆటో ఎక్కి దిగడం ఆమెకు కష్టం. ఒక షెడ్డులో విని, "లోపల బేరింగు పోయింది బాబాయిగారూ, 65 వేలవుతుంది" అన్నారు. ఇంకొకాయన ఆ కారును పాత ఇనుము ధరకు కొంటానన్నాడు. కారు పోతే పోయేది వాహనం ఒక్కటే కాదు, ఎవరినీ అడగకుండా బయటికి వెళ్ళి రాగలమన్న ధైర్యం కూడా.

"ఏ పరీక్ష చేస్తే తెలిసింది నాయనా?" అని అడిగాను. "చప్పుడు వింటే తెలియదా?" అన్నాడు. నోట్‌ఫైలు లేకుండా ఆర్డరు వేయడం నాకు సర్వీసులో అలవాటు లేదు. కారు ఇంటికి తెచ్చేశాను.

ముందుగా డీజిలు ఇంజను సహజ స్వరమేమిటో తెలియాలి. రుడాల్ఫ్ డీజిల్ 1897లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఈ ఇంజనును విజయవంతంగా నడిపి చూపించాడు. ఇందులో నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా నొక్కితే దాని వేడి 500 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిగాలిలోకి ఇంధనం చిమ్మితే దానంతటదే అంటుకుంటుంది. చిమ్మడానికీ అంటుకోవడానికీ మధ్య రెప్పపాటు కన్నా ఎంతో తక్కువ జాగు ఉంటుంది. ఆలోగా పోగైన ఇంధనం ఒక్కసారిగా మండుతుంది. మనం వినే టకటక అదే. ఇంజను చల్లగా ఉంటే ఆ జాగు ఎక్కువ, చప్పుడూ ఎక్కువ. అందుచేత పొద్దున్నే గట్టిగా మోగి, వేడెక్కాక తగ్గే టకటకకు సాధారణంగా కంగారుపడనక్కరలేదు.

ఇక నేను చేసిన పని చెబుతాను. ఒక నోటుపుస్తకంలో గళ్ళు గీశాను. తేదీ, ఇంజను చల్లగా ఉందా వేడిగా ఉందా, నిలబడి ఉందా నడుస్తోందా, ఏ గేరు, క్లచ్చి తొక్కితే ఏమైంది, ఏ.సి. వేస్తే ఏమైంది. పది రోజులు రాశాను. ఒక్కో గడీ ఒక్కో అనుమానితుణ్ణి జాబితాలోంచి తప్పిస్తుంది.

బండి న్యూట్రల్‌లో ఉండగా క్లచ్చి తొక్కినప్పుడు చప్పుడు ఆగిపోతే గేరుబాక్సు వైపు చూడాలి. తొక్కినప్పుడే కొత్తగా వస్తే క్లచ్చి బేరింగును అనుమానించాలి. ఏ.సి. వేసినప్పుడే వస్తే కంప్రెసరు, దాని బెల్టు వైపు వెళ్ళాలి. స్టార్టు చేసిన రెండు మూడు సెకన్లు మాత్రమే గరగరమంటే ఆయిలు పైకి చేరేలోపు గొలుసు చేసే చప్పుడు కావచ్చు. వాల్వుల చప్పుడు ఇంజను వేగంలో సగం వేగంతో వస్తుంది. నిమిషానికి 800 చుట్లు తిరుగుతుంటే ఒక్కో వాల్వు 400 సార్లే కొట్టుకుంటుంది. చెవి పెడితే ఆ తేడా తెలుస్తుంది.

నా పుస్తకంలో తేలిందిది. క్లచ్చికి తేడా లేదు. ఆయిలు మట్టం సరిగా ఉంది, ఆయిలు దీపం వెలగలేదు. చప్పుడు ఒక్కో దెబ్బగా కాకుండా పళ్ళెం వణికినట్టు వస్తోంది. అన్నిటికంటే ముఖ్యమైనది, నిలబడి ఉన్నప్పటికంటే కాస్త ఎక్కువ వేగంలోనే వస్తోంది. ఇంకా వేగం పెంచితే మాయమవుతోంది. బేరింగు పోతే వేగం, బరువు పెరిగేకొద్దీ చప్పుడు పెరగాలి కదా! రైలు పోతుంటే కిటికీ అద్దం ఒక్క క్షణం గలగలమని ఊరుకోవడం మనకు తెలుసు. ప్రతి వస్తువుకూ తనదైన కంపన వేగం ఉంటుంది. అది కలిసినప్పుడే అది మోగుతుంది. ఎక్కడో ఏదో వదులైన రేకు ఉందనిపించింది.

ఆ కాగితం పట్టుకుని మరో షెడ్డుకు వెళ్ళాను. అక్కడి కుర్రవాడు శ్రద్ధగా చదివాడు. ఇంజను ఆపి, చల్లారనిచ్చి, కారును ర్యాంపు ఎక్కించి, కింద పొగగొట్టాన్ని రబ్బరు సుత్తితో తట్టాడు. అదే గలగల! ఇంజను ఆగి ఉండగా వచ్చిన చప్పుడు ఇంజను బేరింగుది ఎలా అవుతుంది? పొగగొట్టం వేడి బండికి తగలకుండా అడ్డుగా ఉండే పల్చటి రేకు అది. బోల్టు దగ్గర తుప్పుపట్టి రంధ్రం పెద్దదైంది. పెద్ద వాషరు ఒకటి, స్టీలు క్లిప్పు ఒకటి వేసి బిగించాడు. కూలితో కలిపి 350 రూపాయలు. మర్నాడు మా ఇంటావిడ కారెక్కి, రెండు వీధులు దాటాక, "ఇవాళ నీ కారు మాట్లాడటం లేదేమిటి?" అంది.

కొన్ని జాగ్రత్తలు చెప్పి ముగిస్తాను. ఆయిలు దీపం వెలిగినా, అడుగునుంచి బరువైన దబదబ శబ్దం వచ్చినా పుస్తకం రాస్తూ కూర్చోకండి. వెంటనే ఇంజను ఆపండి. ఇప్పటి డీజిలు కార్లలో ఇంధన గొట్టాల్లో పీడనం వాతావరణ పీడనానికి వెయ్యి రెట్లు దాటుతుంది. ఆ నట్లు వదులుచేస్తే చిమ్మిన ఇంధనం చర్మాన్ని చీల్చుకుపోతుంది, వాటి జోలికి పోవద్దు. తిరిగే బెల్టు దగ్గరకు పంచె, చీర కొంగు రానివ్వకండి. జాకీ ఒక్కటే ఆధారంగా కారు కిందకు దూరకండి. చప్పుడు పోతుంది కదా అని ఆ రేకును ఊడదీసి పారేయవద్దు. వేడినుంచి వైర్లను, కారు అడుగును కాపాడేది అదే.

మెకానిక్కులందరూ మోసగాళ్ళని నేననడం లేదు. నాకు సాయపడింది కూడా ఒక మెకానిక్కే. ఐదు నిమిషాల్లో వినిపించని చప్పుడును అతడు ఎలా పట్టుకోగలడు? పది రోజులు దానితో తిరిగేవాళ్ళం మనం. ఎప్పుడు వస్తోంది, ఎప్పుడు రావడం లేదు అన్నది మనమే రాసి ఇవ్వాలి. పెద్ద పని చెబితే "ఏ పరీక్షలో తేలింది?" అని మర్యాదగా అడగాలి. మార్చిన పాత భాగాన్ని చూపించమనాలి. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు చూసిన మనకు ఇదేం కొత్త విద్య కాదు.

కారు అరలో ఒక చిన్న పుస్తకం, ఒక పెన్సిలు పెట్టుకోండి.